తొంభై ఆరు శాతం

తొంభై ఆరు. రిపోర్టు మొదటి పేజీలో, పైన కుడివైపు, ఎర్రటి గడిలో ఉంది ఆ అంకె. దాని వెనక రెండువందల పేజీలున్నాయి. కమిటీలో ఏడుగురు పెద్దమనుషులున్నారు. ఆ ఏడుగురిలో ఒక్కరు రెండో పేజీ తిప్పారని ఎవరైనా రుజువు చేస్తే నా చెవి కోసిస్తాను.

"తొంభై ఆరు శాతం కాపీ! ఆ మిగతా నాలుగు శాతానికి మాత్రం ఎందుకమ్మా అంత కష్టపడ్డావ్?" అన్నాడట డీను, ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని. మిగతా ఆరుగురూ నవ్వారట. కుర్చీ చూపించే మర్యాద కూడా ఎవరికీ లేకపోయింది.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో రిఫరెన్స్ సెక్షన్ చూస్తాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు సరిగ్గా నా తలమీదే ఉంటుంది, ఆ భవనం మొత్తానికి పెద్ద గొంతు మాత్రం నాదే. పిల్లలు నాకు సైరన్ అని పేరు పెట్టారు. నా ముందు అక్కా అంటారు, మెట్లు దిగాక సైరన్ అంటారు. అననీ, నాకేం పట్టింపు లేదు.

ఆ పిల్ల పరిశోధన ఆసుపత్రి లాండ్రీల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద. దుప్పట్లు, గౌన్లు, రక్తపు గుడ్డలు మందునీళ్ళలో ఉతికి ఉతికి వాళ్ళ చేతులు ఏమవుతాయన్నది విషయం. వాళ్ళమ్మ అదే పనిలో చేతులు పాడుచేసుకుంది. అరవై ముగ్గురు ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఐదేళ్ళు పట్టింది. డిపార్టుమెంటులో అందరూ 'లాండ్రీ పిల్ల' అనేవారు, అదేదో పెద్ద హాస్యమైనట్టు. ఆమె గడువు నెలాఖరుతో సరి. ఒకసారి పొడిగించారు కాబట్టి ఇంక పొడిగించరు. ముప్పయ్యో తేదీలోగా, పది శాతం లోపు రిపోర్టుతో థీసిస్ ఇవ్వకపోతే ఐదేళ్ళూ గంగలో కలిసినట్టే.

పంతొమ్మిదో తేదీన, కమిటీ చేతికిచ్చిన ఆ మొదటి పేజీ ఒక్కటే పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో.

"అక్కా, నేనెక్కణ్ణించి తీశాను?" అంది. "రాత్రంతా ఆలోచించాను. ఎప్పుడో ఎక్కడో చదివేసి, అది నాదే అనుకుని రాసేశానా? అలా కూడా జరుగుతుందా?"

ఒళ్ళు మండిపోయింది నాకు. ఒక యంత్రం అంకె చెప్పగానే, తన రాత తనది కాదేమోనని తనే అనుమానపడుతోంది! "నీ మొహం! నువ్వు దొంగవైతే ఈ ఊళ్ళో దొర ఎవడే? ఇలా ఇవ్వు ఆ కాగితం" అన్నాను. చుట్టూ చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తి చూశారు.

ఆ యంత్రం సంగతి చెప్పాలి. రెండు నెలల ముందు మా లైబ్రరీకి కొత్తగా పదకొండు డేటాబేసులు, మూడు సాధనాలు వచ్చాయి. అన్యాయంగా మాట్లాడకూడదు, డేటాబేసులు మంచివే. పాత సంపుటాలు దింపి, దుమ్ము దులిపి, వారం రోజులు వెతికితే దొరికే వ్యాసం ఇప్పుడు టీ చల్లారేలోగా దొరుకుతుంది. నేనే ముందు నేర్చుకున్నాను. మూడు సాధనాల్లో ఒకటి మాత్రం ఇది: రాసినదాన్ని లోకంలో ఉన్న రాతలన్నిటితో పోల్చి, ఎక్కడెక్కడ కలిసిందో రంగు వేసి చూపిస్తుంది. చూపిస్తుంది, అంతే. దొంగతనమా కాదా అన్నది మనిషి చదివి తేల్చుకోవాలి. శిక్షణ ఇచ్చినవాడు ఈ మాట మూడుసార్లు చెప్పాడు. వినే ఓపిక ఎవరికుంది! అంకె కనిపించిందా, తీర్పు అయిపోయిందా, టీలు వచ్చాయా, అంతవరకే.

నేను కంప్యూటర్లో ఆ రిపోర్టు తెరిచి అంకె మీద నొక్కాను, రెండో పేజీ తెరుచుకుంది. ఏ రాతతో ఎంత కలిసిందో వరసగా వచ్చింది. మొదటి వరసలోనే ఉంది: తొంభై ఐదు శాతం, విద్యార్థి రచన, ఇదే యూనివర్సిటీ. పక్కన ఒక తేదీ. ఆ పక్కన, అది ఎక్కించిన లాగిన్.

ఆ లాగిన్ నాది.

ఆ తేదీ ఏమిటో చూసుకోనక్కర్లేదు, అది శిక్షణ జరిగిన రోజు. హాలు నిండా నలభైమంది ప్రొఫెసర్లున్నారు. "పరీక్షించి చూపిస్తాను, ఎవరైనా మీ వ్యాసం ఒకటి ఇవ్వండి" అన్నాడు శిక్షకుడు. ఒక్కరు పలకలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అందరూ ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. నాకు చిర్రెత్తింది. ఆ పిల్ల చిత్తుప్రతి నా దగ్గరుంది. మా లైబ్రరీలో అది అలవాటే, చివర ఇచ్చే పుస్తకాల పట్టిక సరిచేసిపెట్టమని పరిశోధకులు థీసిస్ మొత్తం నాకిచ్చిపోతారు. "ఇదిగో, మా పిల్ల రాసింది, చూడండి" అని నేనే వెళ్ళి ఎక్కించాను. గర్వంగా! ఆమెని ఒక మాట అడగాలన్న ఇంగితం కూడా లేకుండా!

ఎక్కించాక తెర మీద రెండు గళ్ళు వచ్చాయి. పరీక్షించి వదిలెయ్యాలా, పరీక్షించి భద్రపరచాలా? నా చెయ్యి ఆలోచించలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఈ చేతికి తెలిసింది ఒక్కటే, వచ్చిన కాగితం ఏదైనా సరే ముద్ర వేసి భద్రపరచడం. చిరిగిన కరపత్రాన్ని కూడా అట్టలో పెట్టి దాచినదాన్ని, రెండువందల పేజీల థీసిస్‌ను వదిలెయ్యమంటానా? భద్రపరచమన్నాను. ఆ యంత్రం భద్రపరిచింది. ఇప్పుడు ఆ పిల్ల తన థీసిస్ ఇస్తే, ఇది ముందే నా దగ్గరుంది, దొంగ, అంటోంది.

అంటే ఆ పిల్ల దొంగిలించింది ఆ పిల్ల దగ్గరే. దారి చూపించింది నేను.

"ఏముందక్కా?" అంది బల్లకి అవతలి నుంచి. తెర నా వైపుంది కాబట్టి ఆమెకి కనిపించదు.

ఆ క్షణంలో చెప్పేయాలి. అది నా పొరపాటే, పద, ఇద్దరం డీను దగ్గరికి వెళ్దాం అనాలి. నోరు తెరిచాను కూడా. "ఏదో తిరకాసుంది. నేను చూస్తాను. నువ్వేం మార్చకు, ఆగు" అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ తేలు ఎలా కుడుతుందో ఆ రోజు తెలిసింది.

తిన్నగా మా లైబ్రేరియన్ గదికి వెళ్ళాను. మెత్తటి మనిషి. ఎవరినీ ఒక మాట అనడు, ఎవరి కోసం ఒక మాట కూడా అనడు. నేను చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దాన్ని అందులోంచి తీయించాలంటే కంపెనీకి నేను ఉత్తరం రాయాలి."

"రాయండి సార్."

"రాస్తే కారణం చెప్పాలి. విద్యార్థి అనుమతి లేకుండా ఎక్కించారని బయటపడుతుంది. నీ మీద విచారణ, నా మీద విచారణ. ఇరవై ఎనిమిదిన తనిఖీ బృందం వస్తోందని తెలుసుగా నీకు? కొత్త సాధనాలు చూడ్డానికే వస్తున్నారు. వాళ్ళకి ఈ ముచ్చట చెప్దామంటావా?"

"మరి ఆ పిల్ల గొంతు కోస్తామా?"

"అరవకు. ఎవరూ ఎవరి గొంతూ కోయట్లేదు. తనిఖీ అయిపోగానే రాస్తాను. ఇరవై తొమ్మిదికల్లా తీయించేస్తే ముప్పయ్యిన ఇచ్చుకుంటుంది. లేదా, ఈలోగా కాస్త మాటలు మార్చి పెట్టమను. అందరూ చేసేదే కదమ్మా."

నేను సరే అన్నాను. ఆటోవాడితో, కూరలవాడితో, బ్యాంకు మేనేజరుతో పోట్లాడే నేను, మా అత్తగారినే ఎదిరించిన నేను, సరే సార్ అని తలుపు దగ్గరగా వేసి మరీ బయటికి వచ్చాను. పరువు కోసం. ఈ వయసులో విచారణ ఏమిటి, నలుగురూ ఏమనుకుంటారు, అన్న పాడు లెక్క కోసం. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ పిల్ల ఆగలేదు. ఎందుకాగుతుంది? ఇరవై నాలుగో తేదీన చదువుల గదిలో, చివరి కంప్యూటర్ దగ్గర కనిపించింది. ఎడమవైపు పాత వాక్యం, కుడివైపు కొత్త వాక్యం, పక్కన పర్యాయపదాల నిఘంటువు.

"మార్చకని చెప్పానా లేదా?"

"డీను సార్ మార్చమన్నారు. మా గైడ్ మార్చమన్నారు. మీరొక్కరే ఆగమంటున్నారు. ఎందుకాగాలో చెప్పండక్కా, ఆగుతాను."

వంగి తెర చూశాను. ఎడమవైపున ఉంది: 'చేతులు పాడయ్యాక సెలవిస్తారు. పాడవుతున్నంత కాలం పని ఇస్తారు.' ఆ వాక్యం చిత్తుప్రతిలో చదివినప్పుడు నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. కుడివైపున ఉంది: 'హస్త క్షీణత అనంతరం విరామము మంజూరగును. క్షీణించు దశయందు విధులు కేటాయింపబడుచుండును.'

"ఇదేం భాషే తల్లీ!"

"రంగు పడని భాష" అంది. "ఇలా రాస్తే అది గుర్తుపట్టదు. ఆ ఆడవాళ్ళ మాటలు కూడా ఎర్రగానే చూపిస్తోందని గైడ్ చెప్పారు. కొటేషన్లు వదిలెయ్యమని ఒక మీట ఉంటుందిట, కమిటీవాళ్ళు అది నొక్కలేదు. నొక్కమని అడిగితే, అడ్డదార్లు వెతక్కు అన్నారు. అందుకని అవి కూడా మార్చేస్తున్నాను. ఇంకా ఇరవై మందివి ఉన్నాయి."

ఆవిడలు చెప్పినవి. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవి. నేను ఒక కుర్చీ లాక్కుని కూలబడ్డాను. ఆమె మళ్ళీ నిఘంటువు వైపు తిరిగింది. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

ఆ రాత్రి ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. రోజంతా ఎవరెవరి చేతుల్లోనో ప్రాణం పెట్టుకుని తిరిగే మనిషి కాబట్టి ఎక్కువ మాట్లాడడు. కంచంలో చెయ్యి పెట్టి అంతా విన్నాడు.

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజే ఒకటి చెప్తాను" అన్నాడు. "గుద్దేస్తాం. ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు గుద్దేస్తాం. గుద్దాక బండి ఆపినవాడు డ్రైవరు. ఆపనివాణ్ణి ఏమంటారో నీకు తెలుసు."

"తిట్టాలంటే తిన్నగా తిట్టొచ్చుగా."

"తిట్టడం నీ డిపార్టుమెంటు. అన్నం తిను."

మర్నాడు సెలవు. ఇరవై ఆరున పొద్దున్నే ఉత్తరం రాశాను. ఫలానా రోజున, ఫలానా వేళ, నా లాగిన్‌తో, విద్యార్థిని అనుమతి తీసుకోకుండా నేనే ఎక్కించాను, ఆమె రాత పూర్తిగా ఆమెదే, అని. ఆ కాగితం పట్టుకుని ఆమె కోసం డిపార్టుమెంటుకి పరిగెత్తాను. మెట్ల మీద ఎదురైంది. చేతిలో రసీదు ఉంది.

"ఇచ్చేశానక్కా. ఇప్పుడే. తొమ్మిది శాతం వచ్చింది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని నిలబడ్డాను. అక్కడే, ఆ మెట్ల మీదే, అంతా చెప్పాను. ఆమె రెయిలింగు పట్టుకుని వింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"పంతొమ్మిదిన."

"నేను మీ దగ్గరికి వచ్చిన రోజే."

"అవును."

"నేను ఎదురుగా కూర్చున్నప్పుడే."

"అవునమ్మా."

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆమె నా చేతిలో ఉత్తరం తీసుకుని చదివి, మళ్ళీ మడతపెట్టి నాకే ఇచ్చింది. "ఇప్పుడిది ఇస్తే నా సబ్మిషన్ ఆపేస్తారు. విచారణ అంటారు, ఏడాది పడుతుంది. మా అమ్మ చేతులకి మందులు కొనాలి, నాకు ఉద్యోగం కావాలి. ఇప్పుడు మాత్రం మాట్లాడకండి" అంది. అక్కా అనలేదు.

లైబ్రేరియన్‌కి మాత్రం ఉత్తరం చూపించాను. "ఇంకా దేనికమ్మా ఇది? సమస్య తీరిపోయిందిగా" అని సొరుగులో పడేశాడు. తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. కంపెనీకి ఉత్తరం ఆయన రాయనేలేదు. అసలు థీసిస్ ఇంకా ఆ యంత్రం కడుపులోనే ఉంది.

నాలుగు నెలల తర్వాత వైవా పెట్టారు. అందరూ వచ్చి వినొచ్చు కాబట్టి నేను వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నా పక్కనే ముగ్గురు లాండ్రీ ఆడవాళ్ళు, డ్యూటీ దిగి తిన్నగా వచ్చినవాళ్ళు, చేతులు ఒళ్ళో మడుచుకుని కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడని అందరూ పెద్దమ్మా అంటున్నారు. తమ మాటలు పుస్తకంలో ఎక్కాయని చూడ్డానికి వచ్చామని ఆవిడ నాతో మురిసిపోతూ చెప్పింది. నేను నేలవైపు చూశాను.

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకురాలు జుట్టు నెరిసిన మనిషి. థీసిస్ నిండా కాగితం ముక్కలు గుర్తులు పెట్టుకుని వచ్చింది, అంటే చదివింది. డీను పొగడ్తలు అయ్యాక ఆవిడ అడిగింది, "ఎనభై ఎనిమిదో పేజీలో ఒక కార్మికురాలి మాట ఉంది. అది పైకి చదువుతారా?"

ఆ పిల్ల చదివింది. "స్పర్శజ్ఞాన లోపము కారణంగా శిశువు యొక్క దేహోష్ణమును కపోలముచే అంచనా వేయుట సంభవించినది."

పెద్దమ్మ నా మోచెయ్యి పొడిచి, పైకే అడిగింది. "ఎవరమ్మా ఆ మాటన్నది?"

వేదిక మీద నుంచి ఆ పిల్లే పలికింది. "నువ్వే పెద్దమ్మా."

"నేనా?" ఆవిడ లేచి నిలబడింది. "ఓసి నీ ఇల్లు బంగారం కాను, ఆ మాటలు నాకు నోరే తిరగవు! నేనేం చెప్పాను, నువ్వేం రాశావు? మూడు గంటలు కూర్చుని చెప్పించుకున్నావే!"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. డీను బల్ల మీది గంట కొట్టబోయాడు. పరీక్షకురాలు చెయ్యెత్తి ఆపింది. "మీరేం చెప్పారమ్మా?"

"ఏముంది. మా మనవరాలికి జ్వరం. ఒళ్ళు కాలుతోందేమో చూడత్తా అని మా కోడలు పిల్లని చేతికిచ్చింది. ఈ చేతులకేం తెలుస్తుంది తల్లీ, మంటలో పెట్టినా తెలీదు. బుగ్గ ఆనించి చూశాను. చేతులుండి బుగ్గతో చూడ్డమేంటని కోడలు నవ్వింది. అదీ నేను చెప్పింది."

పరీక్షకురాలు కలం మూత పెట్టి ఆ పిల్ల వైపు తిరిగింది. "ఇంత మాట చేతిలో పెట్టుకుని అలా ఎందుకు రాశారు? ఆవిడ మాటే తిరిగి పెట్టండి."

డీను ముందుకు వంగి, నెమ్మదిగా అన్నాడు కానీ మైకు వినిపించింది. "పెడితే శాతం పెరుగుతుందండీ."

ఇంక కూర్చోవడం నా వల్ల కాలేదు.

"పెరుగుతుంది సార్! నా మూలంగా పెరుగుతుంది!" అన్నాను. నాకు మైకు అక్కర్లేదు. శిక్షణ రోజు, నా లాగిన్, నేను నొక్కిన గడి, తేదీలతో సహా చెప్పాను. "ఆ పిల్ల ఎవరి దగ్గరా ఒక్క ముక్క ఎత్తలేదు. ఆ రిపోర్టు రెండో పేజీలోనే రాసుంది, మీ ఏడుగురిలో ఒక్కరు తిప్పలేదు. నిజం రాస్తే తొంభై ఆరని తరిమారు. నాశనం చేసి తెస్తే తొమ్మిదని పొగిడారు. నేను పంతొమ్మిదో తేదీనే చెప్పాల్సింది, నా పరువు చూసుకుని నోరు మూసుకున్నాను. విచారణ వేయండి, ముందు నా మీదే వేయండి!"

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా?" డీను విసుక్కున్నాడు. "పాసైపోతోందిగా!"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. చూడాలని నేను ఆశపడలేదంటే అబద్ధం. బైండు చేయించిన థీసిస్‌ను ఎనభై ఎనిమిదో పేజీ దగ్గర బల్ల మీద అదిమిపెట్టి, పరీక్షకురాలి చేతిలోంచి కలం అడిగి తీసుకుని, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది.

"మళ్ళీ చెప్పు పెద్దమ్మా. మెల్లగా చెప్పు."

పెద్దమ్మ వేదిక దగ్గరికి నడిచింది. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, లేచి ఆవిడ వెనకే వెళ్ళారు.

"మరి నాది ఏ పేజీలో ఉందమ్మా?" అని అడిగింది రెండో ఆవిడ.